గింజదా తప్పు, మంటదా?

వేయించిన కాఫీ గింజలు ఓ వంద గ్రాములు తెల్లకాగితం మీద పోయండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, కిటికీ పక్కన పగటి వెలుతురు పడేచోట. అరబికా రకమైతే అందులో ఏడెనిమిది వందల గింజలుంటాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వేళ్లతో పల్చగా నెరిపితే మొదట అన్నీ ఒకే గోధుమరంగులో కనిపిస్తాయి. ఓ నిమిషం అలాగే చూస్తూ ఉంటే కన్ను అలవాటుపడి తేడాలు పట్టడం మొదలెడుతుంది. ఒక గింజ మిగతావాటి మధ్య వెలవెలబోయి వేరుశనగపప్పు రంగులో ఉంటుంది. ఇంకొకదాని కొస మాడి నల్లబడి ఉంటుంది. మరొకదాని వీపు మీద గుండ్రంగా పెచ్చు లేచిపోయిన గుంట. ఒకదానికి సన్నటి బెజ్జం.

ఈ లోపాలకు అనుమానించదగ్గవాళ్లు ఇద్దరే. ఒకరు తోట. అంటే చెట్టు, వాన, పురుగు, పండు కోసిన చెయ్యి, ఎండబెట్టిన కళ్లం అన్నీ కలిపి. రెండోది మంట. అంటే గింజను వేయించిన డ్రమ్ము, దాని ముందు నిలబడ్డ మనిషి. తప్పెవరిదో తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఒక్క ప్రశ్న చాలు. లోపం ఏవో కొన్ని గింజలకే ఉందా, లేక చాలా గింజల మీద ఒకేచోట ఉందా? డ్రమ్ములో పోసిన గింజలన్నిటికీ తగిలే వేడి ఒకటే, రాసుకునే లోహపు గోడ ఒకటే. కాబట్టి యంత్రం చేసిన తప్పు ఒక్క గింజతో ఆగదు, వరసపెట్టి అదే గుర్తు వేసుకుంటూ పోతుంది. తోటలో అలా కాదు. ఒకే కణుపు దగ్గర పక్కపక్కనే కాసిన రెండు కాయల్లో ఒకటి ఎర్రగా పండి ఉంటుంది, ఒకటి ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే తోట లోపం అక్కడొకటి ఇక్కడొకటి చెదురుమదురుగా తేలుతుంది. ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు, వాటి దగ్గరికి వస్తాను.

ముందు డ్రమ్ములో ఏం జరుగుతుందో నాలుగు మాటల్లో చూద్దాం. పచ్చి కాఫీ గింజలో పది, పన్నెండు శాతం తేమ ఉంటుంది. 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాగిన డ్రమ్ములో పోయగానే ఆ తేమ పోవడం మొదలవుతుంది. ఆకుపచ్చ గింజ పసుపుకు, పసుపు నుంచి గోధుమకు తిరుగుతుంది. గింజ వేడి సుమారు 196 డిగ్రీలకు చేరేసరికి లోపల చిక్కుకున్న ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ తోసుకొచ్చి టప్పు టప్పుమని పేలుతుంది. దీన్ని ఫస్ట్ క్రాక్ అంటారు. ఇంకా వేయిస్తే 224 డిగ్రీల ప్రాంతంలో సన్నగా, గబగబా ఇంకో చిటపట. అది సెకండ్ క్రాక్. దించేసరికి బరువులో 12 నుంచి 20 శాతం దాకా పోతుంది, గింజ మాత్రం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉబ్బుతుంది. తోటలో నెలల తరబడి దాగిన లోపాలు ఈ కొద్ది నిమిషాల్లో బయటపడతాయి. కొత్తవి కొన్ని ఈ నిమిషాల్లోనే పుడతాయి.

అన్నిటిలోకీ ఆసక్తికరమైనది ఆ పాలిపోయిన గింజ. కాఫీ వ్యాపారంలో దాన్ని క్వేకర్ అంటారు. పచ్చి గింజల రాశిలో దాన్ని పట్టుకోవడం మహా కష్టం. బాగా అనుభవమున్న చేతికి కొన్ని దొరుకుతాయి. గింజకు అంటుకున్న వెండిపొర ఊడి రాకుండా బిగుసుకుని ఉంటుంది, రంగు కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, గింజ లోపలికి వంగి అంచులు పదునుగా తగులుతాయి. కానీ సగం పండిన కాయల నుంచి వచ్చిన గింజలకు ఈ గుర్తులేవీ ఉండవు. రంగులోనూ సైజులోనూ మంచి గింజతో కలిసిపోతాయి. పొట్టు తీసే మిల్లు దాటుతాయి, జల్లెడ దాటుతాయి, ఏరే చేతులు దాటుతాయి. డ్రమ్ములో పడ్డాక మాత్రం తప్పించుకోలేవు. చుట్టూ ఉన్నవన్నీ ముదురు గోధుమకు తిరుగుతుంటే ఇవి లేత తేనెరంగు దగ్గరే ఆగిపోతాయి.

కారణం రసాయనికం. గింజ గోధుమరంగుకు తిరగడంలో పెద్దపాలు మెయిలార్డ్ చర్యది. లూయీ కమీ మెయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో దీన్ని వివరించాడు. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి వందల కొద్దీ కొత్త పదార్థాలు పుట్టే చర్య ఇది. గోధుమరంగు, వేపుడు వాసన, రొట్టె పైపొర కమ్మదనం, అన్నీ ఇక్కడివే. బాగా పండిన అరబికా గింజ పొడిబరువులో ఆరు నుంచి తొమ్మిది శాతం దాకా సుక్రోజు, అంటే మనం టీలో వేసుకునే చక్కెరే, ఉంటుంది. వేడికి అది గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి అమైనో ఆమ్లాలతో కలుస్తుంది. కాయ పండే చివరి వారాల్లోనే గింజలో ఈ చక్కెర బాగా చేరుతుంది. తొందరపడి పచ్చికాయ కోస్తే గింజ ఆకారం ఉంటుంది, లోపల సరుకుండదు. మంట ఎంత పెట్టినా చర్య జరగడానికి ముడిపదార్థం లేక గింజ పాలిపోయి మిగులుతుంది. పండకముందే కోయడం ఒక్కటే కారణం కాదు. బలం లేని నేలలో, ఎద్దడి పాలైన చెట్టు మీద, మోయలేనంత కాపు కాసిన కొమ్మ మీద రంగు తిరిగిన కాయలోనూ ఇలాంటి గింజ తయారవుతుంది.

క్వేకర్ రుచి తెలియాలంటే డికాషన్ దాకా పోనక్కర్లేదు. కాగితం మీద నుంచి పాలిపోయిన గింజ ఒకటి ఏరి నోట్లో వేసుకుని నమలండి. అట్టముక్క, మెత్తబడిన పల్లీ, ఉప్పూ పాలూ లేని ఓట్సు రుచి తగులుతుంది. నాలుక పొడారిపోతుంది. తీపి జాడ ఉండదు. వెంటనే పక్కనున్న మామూలు గింజ నమిలితే తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక కప్పుకు పది గ్రాముల పొడి వాడామనుకుంటే అందులో డెబ్భై, ఎనభై గింజలున్నట్టు. వాటిలో రెండు క్వేకర్లు పడితే మంచి కాఫీ చప్పబడటం నాలుకకు తెలిసిపోతుంది. అందుకే స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ ఏళ్ల తరబడి వాడిన గ్రేడింగ్ పద్ధతిలో పచ్చి గింజలు 350 గ్రాములు ఏరి చూడటంతో సరిపెట్టేవారు కాదు. వంద గ్రాములు వేయించి మళ్లీ చూసేవారు. ఆ వంద గ్రాముల్లో ఒక్క క్వేకర్ కనిపించినా స్పెషాల్టీ గ్రేడు పోయినట్టే. దాని కింది ప్రీమియం గ్రేడుకు మూడింటి వరకు ఒప్పుకునేవారు. పచ్చి గింజల్లో చిన్నాచితకా లోపాలకు ఐదింటి దాకా మన్నింపు ఉన్న ఈ పద్ధతిలో క్వేకర్‌కు మాత్రం సున్నా. అంత కటువెందుకో ఒక గింజ నమిలినవాళ్లకు అర్థమవుతుంది.

పచ్చికాయ బుట్టలో ఎందుకు పడుతుందన్నది రసాయనశాస్త్రం దాటిన ప్రశ్న. కాఫీ చెట్టుకు పూత ఒక్కసారే రాదు. వేసవి మొదట్లో వాన ఎన్ని విడతలుగా పడితే పూత అన్ని విడతలుగా విచ్చుకుంటుంది, కాయలూ అదే వరసలో పండుతాయి. అందుకే మన దేశపు తోటల్లో కోత నాలుగు దశల్లో సాగుతుంది. ముందుగా పండిన కాసిని పళ్లను ఏరికోసేది ఫ్లై పికింగ్. అసలు కోత మెయిన్ పికింగ్. చివర్లో పచ్చివీ పండువీ చూడకుండా కొమ్మంతా దూసేది స్ట్రిప్పింగ్. నేల రాలినవి ఏరుకునేది క్లీనింగ్. మొదటి రెండు దశల సరుకునూ, దూసిన సరుకునూ వేరుగా ఉంచితే గొడవ లేదు. కలిపేశారో, వేయించినవాడి కాగితం మీద పాలిపోయిన గింజలు తేలతాయి.

పాడేరు, అరకు, చింతపల్లి మన్యంలో ఈ లెక్క ఇంకో మలుపు తిరుగుతుంది. అక్కడ పెద్ద ఎస్టేట్లు లేవు. సిల్వర్ ఓక్ నీడలో, దాన్ని అల్లుకున్న మిరియాల తీగ కింద ఎకరమో రెండెకరాలో సాగు చేసే ఆదివాసీ కుటుంబాలే ఎక్కువ. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ అరకు లోయ అరబికాకే. చిన్న కమతం కావడం వల్ల పండింది పండినట్టు ఏరి కోయడానికి వీలుంది, ఇంటిల్లిపాదీ చెట్టు చెట్టునూ ఎరుగుదురు. కానీ నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా ఒకే కొండ మీదికి నాలుగైదుసార్లు ఎక్కి దిగాలంటే కూలి గిట్టాలి. ఎర్రపండుకు పచ్చికాయకంటే ధర తేడా ఇచ్చి కొనేవాడు ఉన్నప్పుడే ఆ నాలుగో ఎక్కుడుకు అర్థముంటుంది. కప్పులో రుచి గురించి పట్నాల్లో ఎన్ని కబుర్లు చెప్పుకున్నా క్వేకర్ల సంఖ్యను తేల్చేది చాలావరకు ఆ ధరే అని నా అభిప్రాయం.

కోశాక కూడా ఏరడానికి అవకాశాలున్నాయి. పళ్లను నీళ్ల తొట్టిలో పోస్తే ఎండిపోయినవి, పురుగు తిని డొల్లపడినవి తేలతాయి, తీసి పారేస్తారు. పచ్చికాయ మాత్రం గట్టిగా, బరువుగా ఉండి పండుతోపాటు మునుగుతుంది. దాన్ని పట్టుకునేది పండు తొక్క తీసే యంత్రం, పల్పర్. ఎర్రపండు నొక్కగానే తొక్క వదిలి గింజను జార్చేస్తుంది, పచ్చికాయ మొరాయిస్తుంది. పల్పర్ మరీ బిగించకుండా నడిపితే నలగని కాయలు అలాగే బయటకొస్తాయి, ఏరేయవచ్చు. పండును తొక్కతో సహా ఎండబెట్టే పద్ధతిలో, అంటే మన వ్యాపారులు చెర్రీ అనే సరుకులో, ఈ మెట్టే లేదు. ఎండాక ఎర్రదీ పచ్చదీ ఒకే నలుపు. అందుకని చెర్రీ కాఫీలో క్వేకర్లు ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక బెజ్జం ఉన్న గింజ. ఇది తోట పనే. కాఫీ కాయ తొలిచే పురుగు, బెర్రీ బోరర్, రెండు మిల్లీమీటర్లకు మించని నల్లటి పెంకుపురుగు. ఆడది కాయ బొడ్డు దగ్గర తొలుచుకుని లోపలికి పోయి గింజలోనే గుడ్లు పెడుతుంది, పిల్లలు గింజ తింటూ పెరుగుతాయి. చాలా పురుగులకు విషమైన కెఫీన్ దీన్నేమీ చేయదు. దీని పేగుల్లో కాపురముండే బాక్టీరియాలు ఆ కెఫీన్‌ను విరగ్గొట్టేస్తాయని 2015లో శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశంలో దీన్ని మొదటిసారి 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో గుర్తించారు. ఇన్నేళ్లూ దూరంగా ఉన్న అరకు ప్రాంతంలోనూ 2025లో బయటపడింది. వేయించిన గింజ మీద దీని గుర్తు పోల్చుకోవడం తేలిక. అంచులు నల్లబడ్డ గుండ్రటి రంధ్రం ఉంటుంది, గింజను వేలి గోటితో విరిస్తే లోపల సొరంగం. ఒక్క బెజ్జమున్న గింజ రుచికి పెద్దగా కీడు చేయదు. మూడు, నాలుగు బెజ్జాలు ఉండి వాటి చుట్టూ బూజు పట్టినదైతే చేస్తుంది. గ్రేడింగులో కూడా ఆ రెంటినీ రెండు తరగతులుగా లెక్కేస్తారు. తీవ్రంగా తిన్నవి ఐదుంటే ఒక పూర్తి లోపం, కొద్దిగా తిన్నవైతే పదికి ఒకటి.

నల్లగింజ, పులిసిన గింజ తోటకూ కళ్లానికీ చెందిన మరో రెండు దోషాలు. నేల రాలి కుళ్లిన పండు, పులియబెట్టే తొట్టిలో అడుగున మిగిలిపోయి రోజుల తరబడి నానిన గింజ, ఇలా వస్తాయివి. పచ్చిగా ఉన్నప్పుడు స్పష్టంగా తెలుస్తాయి. బ్లాక్స్, బ్రౌన్స్, బిట్స్ అంటూ మన క్యూరింగ్ వర్క్స్‌లో వేరే కుప్ప పోసేది వీటినే. వేయించాక తప్పించుకోవడానికి వీలెక్కువ, ఎందుకంటే చుట్టూ అన్నీ ముదురుగానే ఉంటాయి. మెరుపు లేకుండా మడ్డిగా, మిగతావాటిలా ఉబ్బకుండా ముడుచుకుని ఉన్న గింజ కనిపిస్తే అనుమానించాలి. విరిచి వాసన చూస్తే పుల్లటి కుళ్లు కొడుతుంది. క్వేకర్ కప్పును చప్పబరిస్తుంది అంతే, పులిసిన గింజ ఒక్కటైనా కప్పంతా పాడుచేస్తుంది.

ఇప్పుడు మంట తప్పులు. కాఫీ గింజకు ఒకవైపు వీపు, ఒకవైపు చదును. డ్రమ్ము మరీ కాగి ఉండగా గింజలు పోసినా, డ్రమ్ము మెల్లగా తిరిగినా చదును ముఖం లోహానికి అంటుకుని ఉండిపోతుంది. పెనం మరీ కాలితే అట్టు అడుగు మాడి పైన పిండి పచ్చిగా ఉండిపోవడం లాంటిదే ఇది. ఆ ముఖం మీద నల్లటి మచ్చ పడుతుంది. రోస్టర్లు దీన్ని ఫేసింగ్ అంటారు. వీపు మీదో పక్కనో పడితే స్కార్చింగ్. కాగితం మీది గింజలన్నిటినీ చదును ముఖం పైకి వచ్చేలా తిప్పి చూడండి. పది గింజలకు ఆరింటి మీద అదే చోట ముదురు మచ్చ ఉందంటే తోటను తిట్టడం మానేయొచ్చు. కాయలో రెండుకు బదులు ఒకే గింజ పెరిగిన పీబెర్రీకి చదును ముఖమే ఉండదు, చుట్టూ గుండ్రంగా ఉండి దొర్లుతుంది. కాబట్టి దాంట్లో ఫేసింగ్ వెతకడం వృథా.

కొసలు మాడటం టిప్పింగ్. గింజ ఒక కొసన మొలక దాగుంటుంది, అక్కడ కండ మెత్తన. వేడి ఉరవడిగా తగిలితే ముందు కమిలేది ఆ చోటే. అగ్గిపుల్ల తలకంటే చిన్న నల్లటి చుక్క, ఏమరుపాటుగా చూస్తే కంటపడదు. గింజను కాగితం మీద నిలబెట్టి కొసను భూతద్దంలో చూడటం మేలు. తక్కువ సాంద్రత గల గింజలు, కెఫీన్ తీసేసిన గింజలు దీనికి సులువుగా లొంగుతాయి. కప్పులో మసి వాసనగా, కాలిన చేదుగా తేలుతుంది.

వీపు మీద గుంట సంగతి వేరు. గింజ లోపలి వాయువు బయటికి దారి వెతుక్కునే వేగం, గింజ గోడ తట్టుకోగల వేగంకంటే ఎక్కువైతే వీపు మీద గుండ్రటి పెచ్చు ఒకటి ఎగిరిపోతుంది. డ్రమ్ము అడుగున, చల్లార్చే పళ్లెంలో ఆ పెచ్చులు దొరుకుతాయి కూడా. సెకండ్ క్రాక్ దాటించి నల్లగా వేయించిన కాఫీలో ఈ గుంటలు మామూలు, తప్పుపట్టనక్కర్లేదు. లేత, మధ్యస్థ వేపుడులో గుంటలు కనిపిస్తేనే వేయించినవాడు ఆవేశపడ్డాడని అర్థం.

మొదట చెప్పిన సూత్రం తడబడే చోట్లు ఇవి. వందల గింజల మధ్య ఒకే ఒక్క బొగ్గులాంటి గింజ ఉందనుకోండి. చెదురుమదురు కాబట్టి తోటదే అనిపిస్తుంది. నిజానికి అది ముందు వాయి తాలూకు గింజ కావచ్చు. డ్రమ్ము తలుపు సందులో ఇరుక్కుని, రెండోసారి కూడా వేగి, ఈ వాయిలో జారిపడింది. పల్చటి చిప్పగింజ, విరిగిన ముక్క కూడా పక్కవాటికంటే ముందే మాడతాయి. అక్కడ వేడి సరైనదే, గింజదే పీలతనం. ఎదురు ఉదాహరణా ఉంది. వాయి మొత్తం మెరుపు లేకుండా, నీరసంగా, ఉబ్బు లేకుండా కనిపిస్తే మంట మీద నేరం మోపబుద్ధవుతుంది. గోదాములో ఏడాదికి పైగా మగ్గిన పాత సరుకు, కళ్లంలో అతిగా ఎండిన సరుకు కూడా అచ్చం అలాగే వస్తాయి.

తప్పు లేకపోయినా తప్పులా కనిపించేవి ఇంకొన్ని. నూనె మెరుపు అందులో మొదటిది. అరబికా గింజలో దాదాపు 15 శాతం, రోబస్టాలో 10 శాతం చొప్పున కొవ్వు ఉంటుంది. నల్లగా వేయించినప్పుడు గోడలు చిట్లి అది పైకి ఊరుతుంది. నూనె కారే గింజ తాజాదని కొంతమంది నమ్మకం, పాడైందని ఇంకొంతమంది నమ్మకం. ముదురు వేపుడులో అది సహజమే. లేత గోధుమరంగు గింజ మీద నూనె చుక్కలు తేలితేనే అది నిల్వ సరుకేమో అడగాలి. రెండోది ముడతలు. కొండ ఎత్తున పెరిగిన గట్టి గింజను లేతగా వేయిస్తే ముడతలు పూర్తిగా విచ్చుకోవు. మూడోది, ఒకే ప్యాకెట్లో రెండు రంగులు. అరబికా, రోబస్టా విడివిడిగా వేయించి కలిపితే అలాగే ఉంటుంది. అరబికా కోలగా ఉండి మధ్యగీత మెలికలు తిరుగుతుంది, రోబస్టా గుండ్రంగా ఉండి గీత నిటారుగా పోతుంది. ఆ గీత చూస్తే చాలు, మిశ్రమమో లోపమో తేలిపోతుంది. పడమటి తీరపు రుతుపవనాల గాలికి గోదాముల్లో వారాల తరబడి ఉంచి ఉబ్బజేసే మాన్సూన్డ్ మలబార్ సంగతి సరేసరి. వేయించకముందే పాలిపోయిన ఆ గింజను చూసి తెలియనివాళ్లు పారేస్తారు, తెలిసినవాళ్లు ఎక్కువ ధర పెట్టి కొంటారు.

ఇంత చూడటానికి మనిషి కన్నెందుకు, రంగు కొలిచే యంత్రాలున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. ఆగ్‌ట్రాన్ అనే పరికరం గింజల మీద పరారుణ కాంతి పడేసి ఎంత తిరిగొచ్చిందో కొలిచి అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే వేపుడు లేత, చిన్నదైతే ముదురు. 95 నుంచి 25 దాకా ఎనిమిది రంగు బిళ్లలతో కంటితో పోల్చే పద్ధతీ దాన్నుంచే వచ్చింది. రోజూ ఒకే రకంగా వేయించాలనుకునేవాడికి ఇది చాలా అవసరం. లోపాలు వెతికేవాడికి మాత్రం పనికిరాదు, ఎందుకంటే అది చెప్పేది సగటు. ఏడువందల గింజల్లో ఐదు పాలిపోయినా, ఐదు మాడినా ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంకె చక్కగానే వస్తుంది. అదే పరికరంతో ఒక మంచి పని చేయొచ్చు. గింజగా ఒకసారి, పొడి చేశాక ఒకసారి కొలవడం. పొడి రంగు గింజ రంగుకంటే మరీ లేతగా ఉందంటే పైన వేగి లోపల పచ్చిగా ఉన్నట్టు. పరికరం లేనివాళ్లకు బ్లేడు ఉంది. గింజను అడ్డంగా కోసి అంచు నుంచి మధ్యకు రంగు ఎలా మారిందో చూస్తే అదే సంగతి తెలుస్తుంది.

గింజ గింజనూ చూసే యంత్రం మన మిల్లర్లందరికీ పరిచయమే. బియ్యంలో నల్లగింజలు, పొట్టగింజలు ఏరే సార్టెక్స్ తరహా యంత్రమే అది. జారే గింజలను కెమెరాలు చూస్తాయి, రంగు తేడా కనిపించిన గింజను గాలి దెబ్బతో పక్కకు తోసేస్తాయి. పచ్చి కాఫీకి దీన్ని ఎప్పటి నుంచో వాడుతున్నారు. వేయించాక మరోసారి నడిపి క్వేకర్లను తీసేసే రోస్టర్లూ ఇప్పుడున్నారు. చిన్న కొట్టువాళ్లకు ఇంకా చేతులే దిక్కు. చల్లారిన గింజలు పళ్లెంలో పోసుకుని ఏరుకోవాలి.

ఒక మాట అడ్డంగా చెప్పక తప్పదు. ఈ లోపాలన్నీ మన ఇళ్లలో ఇంతకాలం ఎవరి కంటా పడకపోవడానికి కారణం మన ఫిల్టర్ కాఫీయే. నల్లగా వేయిస్తే క్వేకర్ కూడా ముదిరి గుంపులో కలిసిపోతుంది. పైన చికోరీ. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే 49 దాకా చికోరీ ఉండొచ్చు. దానిపైన చిక్కటి పాలు, చక్కెర. వీటిని దాటుకుని ఓ పచ్చికాయ చప్పదనం నాలుకను చేరడం జరిగే పని కాదు. ఆ కాఫీ నాకూ ఇష్టమే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ కొట్టులో గింజలు చూడకుండా నేరుగా పొడి కొట్టించుకునే అలవాటు నాసిరకం సరుకు అమ్మేవాడికి అచ్చొచ్చింది. ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ సగం సగం అని అడిగేవాళ్లు, మరలో పోయకముందు గుప్పెడు గింజలు అరచేతిలోకి ఇమ్మని అడిగినా ఏ కొట్టువాడూ కాదనడు.

చూపుకు హద్దుంది. వేడి మధ్యలో నీరసించి గింజ మెల్లగా ఉడికిపోతే రంగు చక్కగా వస్తుంది, రుచి మాత్రం పేలవంగా, రొట్టె ముక్కలా ఉంటుంది. బేక్డ్ అనే ఈ దోషాన్ని ఎంత గొప్ప కన్నూ పట్టలేదు. రువాండా, బురుండీ దేశాల కాఫీలో ఒక్కోసారి పచ్చి బంగాళాదుంప వాసన కొడుతుంది. అక్కడ ఆంటెస్టియా అనే నల్లి కాయను కుట్టడంతో దీనికి సంబంధం ఉంది. ఆ వాసనకు మూలమైన పైరజీన్ అనే పదార్థం అణుమాత్రం చాలు, గింజ మీద మాత్రం ఏ గుర్తూ ఉండకపోవచ్చు. మెరుస్తూ, సమానంగా వేగిన, ఏ మచ్చాలేని గింజే ఆ పని చేసి ఉండొచ్చు. అందుకని ఆ దేశాల కాఫీ రుచి చూసేవాళ్లు ఒకే నమూనాను నాలుగైదు కప్పులకు సరిపడా విడివిడిగా మరపట్టి, ప్రతి పొడినీ వేరువేరుగా వాసన చూస్తారు. ఒక్క కప్పులో బంగాళాదుంప తగిలితే అదొక్కటే పారబోసి మిగతావాటితో ముందుకు పోతారు.